40 కేబీల మారియో నేర్పిన ఇగురం

ఎండకాలం సెలవులకు మా అక్క కొడుకు ఊరికి వచ్చిండు. ఏడో తరగతి అయిపోయింది, ఎనిమిదికి పోతడు. పొద్దుగాల లేస్తే ఫోను, రాత్రి పండుకునే దాక ఫోను. ఒకనాడు మాపటీలి నా పక్కన కూసుండి "మామా, 49 రూపాయలు కొట్టవా, రేపు ఇస్త" అన్నడు. ఎందుకురా అంటే ఆటల ప్రాణాలు అయిపోయినయట. పైసలు కడితే ఇప్పుడే ఇస్తరట, లేకుంటే రెండు గంటలు ఆగాల్నట.

నేను పైసలు ఇయ్యలే. సజ్జ మీద ఎన్నేండ్ల సందో మూటగట్టి పెట్టిన పాత వీడియో గేమ్ డబ్బా దించిన. దుమ్ము దులిపి, క్యాసెట్‌ల ఉఫ్ అని ఊది, మూలకు పడ్డ డొక్కు టీవీకి వైర్లు పెట్టిన. అదృష్టం బాగుండి బొమ్మ వచ్చింది. నీలం ఆకాశం, ఇటుకలు, ఎర్రటోపి పెట్టుకున్న పొట్టోడు. మారియో.

"గిదేంది మామా, బొమ్మ గింత గలీజుగున్నది" అని నవ్విండు. నేను ఏం చెప్పలే. రిమోట్ చేతికిచ్చి చాయ్ తాగుకుంట కూసున్న. పది నిమిషాలు అయ్యేటాలకు వాడు ఉరుకుతున్నడు, దుంకుతున్నడు, తాంబేలు మీద కాలు పెట్టి దాని డొప్పను తన్నుతున్నడు. ఎవలు నేర్పిన్రు? నేనైతే నేర్పలే. తెర మీద సుత "గిట్ల ఆడాలె" అని ఒక్క ముక్క రాసి లేదు.

ఈ నేర్పుడు ఎట్ల అయింది అన్నదే ఇయ్యాల్టి ముచ్చట. ఆడేటోని మనసు ఎటు పోతదో తెలిసి ఆట కట్టుడు ఒక ఇగురం. అదే ఇగురాన్ని ఇప్పటి ఫోన్ ఆటలు చానా వరకు వేరే పనికి వాడుతున్నయ్, జేబు ఖాళీ చేసేతందుకు. ఈ రెండింటి నడుమ తేడా ఎరుకైతే, ఏ ఆటను మనం ఆడుతున్నమో, ఏ ఆట మనల్ని ఆడిస్తున్నదో తెలుస్తది.

పేకముక్కల కంపెనీ, పల్లె పోరడు

ఈ ఆట అసలు పేరు సూపర్ మారియో బ్రదర్స్. 1985 సెప్టెంబర్ 13న జపాన్‌ల వచ్చింది. చేసింది నింటెండో కంపెనీ. క్యోటో నగరంల 1889ల ఈ కంపెనీ షురూ అయినప్పుడు అండ్ల చేసింది వీడియో గేములు కాదు, పేకముక్కలు. పూల బొమ్మలుండే జపాన్ పేక, దాన్ని హనఫుడా అంటరు. మెల్లగ బొమ్మల మీదికి, మిషన్ల మీదికి వచ్చి, 1983 జూలై 15న ఇంట్ల టీవీకి పెట్టుకునే డబ్బాను అమ్ముడు మొదలువెట్టిన్రు. దాని పేరు ఫామికామ్. అమెరికాల అదే డబ్బాను ఎన్‌ఈఎస్ అన్నరు.

మా ఊరి దిక్కు అసలు డబ్బాను చూసినోళ్లు లేరు. మాకు దొరికినయన్నీ దానికి నకలు డబ్బాలే. క్యాసెట్ మీద 9999999 ఆటలు అని రాసుండేది. పెట్టి చూస్తే పది పదిహేను ఆటలే పేర్లు మార్చుకొని తిరిగి తిరిగి వచ్చేటియి. అండ్ల మొదటి రెండు మూడింట్ల మారియో తప్పకుంట ఉండేది.

ఆటను గీసినోళ్లల్ల పెద్ద మనిషి షిగెరు మియామోతో. ఆయనకు తోడు తకాషి తెజుకా. మియామోతో 1952ల పుట్టిండు. పెరిగింది క్యోటో పక్కన సొనోబె అనే చిన్న ఊర్ల. గుట్టలు, పొలాలు, వాగులు తిరుగుకుంట పెరిగిన పోరడు. ఒకనాడు అడవిల ఒక గుహ కనిపిస్తే, ఎన్నడో ఒకనాడు ధైర్యం చేసి దీపం పట్టుకొని లోపలికి పోయిండట. ఆ ముచ్చట ఆయన చానా సార్లు చెప్పుకున్నడు. మారియో పైపులకు దిగితే కింద ఇంకో లోకం వస్తది సూడు, అది గాల్లకెల్లి రాలే. పల్లెల పెరిగినోనికి ఎరుకైన భయం, సంబురం రెండూ అండ్ల ఉన్నయ్. మనకు సుత చిన్నప్పుడు పాడువడ్డ బురుజు, ఎండిన బాయి, పాత గడి చూస్తే లోపల ఏమున్నదో అనిపిస్తది గదా.

మారియో 1985ల పుట్టినోడు కాదు. 1981ల డాంకీ కాంగ్ అనే ఆటల మొదటిసారి వచ్చిండు. ఆయన మొకం అట్ల ఎందుకుంటదో తెలిస్తే గమ్మతనిపిస్తది. అప్పుడు ఒక బొమ్మకు దొరికే జాగ 16 చుక్కలు అడ్డం, 16 చుక్కలు నిలువు. అంత ఇరుకుల నోరు గీయరాదు, అందుకే మీసం పెట్టిన్రు. ఎంటికలు ఎగిరేటట్టు గీయరాదు, అందుకే టోపి పెట్టిన్రు. ఉరికినప్పుడు చేతులు కదిలినట్టు కనవడాలె, అందుకే అంగి ఒక రంగు, పైన తొడుక్కునే పట్టీల లాగు ఇంకో రంగు. లోకమంత గుర్తుపట్టే మొకం, జాగ సాలక వచ్చిన మొకం.

గుడ్ మార్నింగ్ ఫొటో కంటే చిన్నది

ఆ ఆట మొత్తం 40 కేబీ. పొద్దుగాల వాట్సాప్‌ల వచ్చే గుడ్ మార్నింగ్ పూల ఫొటో ఒక్కటే అంతకంటే పెద్దగుంటది చానా సార్లు. గా 40 కేబీలనే 8 లోకాలు, లోకానికి 4 మజిలీలు, అన్నీ కలిపి 32. నీళ్లల్ల ఈదుడు, కోటలు, నిప్పులు, పాటలు, అన్నీ గండ్లనే. డబ్బా లోపల పని చేసుకునే మెమరీ 2 కేబీ. మెదడు చిప్ వేగం 1.79 మెగాహెర్ట్జ్. ఇప్పటి చవక ఫోన్ ముంగట అది చీమంత కూడ కాదు.

మరి ఎట్ల పట్టింది? ఇటుక బట్టీ కాడ చూడున్రి. వెయ్యి ఇటుకలకు వెయ్యి అచ్చులు ఉండయి, ఒక్కటే అచ్చు ఉంటది. ఈ ఆట సుత గట్లనే. తెర మీద చూసే బొమ్మలన్నీ 8 చుక్కలు అడ్డం, 8 చుక్కలు నిలువు ఉండే చిన్న పెంకలతోని కట్టినయ్. ఒక పెంకను ఒక్కసారే దాచి, ఎన్నిసార్లన్న వాడుకోవచ్చు. అసలు మజిలీని బొమ్మ లెక్క దాచలే. "ఈడ పైపు, ఈడ అయిదు ఇటుకలు, ఈడ గుంత" అని చిట్టీ లెక్క రాసి పెట్టిన్రు. ఆట నడుస్తుంటే మిషన్ ఆ చిట్టీ చదువుకుంట గోడలు కడుతది.

మీరు ఎన్నడన్న పట్టిచూసిన్రా? పైన ఉండే తెల్ల మబ్బు, కింద ఉండే పచ్చ పొద, రెండూ ఒక్కటే బొమ్మ. రంగు మార్చిన్రు గంతే. భూమి కింది మజిలీల నీలంగ కనవడే ఇటుక, పైన ఎర్రగ కనవడే ఇటుకనే. మొదట ఎదురొచ్చే గూంబా, గా పుట్టగొడుగు మొకపోడు, నడుస్తున్నట్టు కనవడుతడు గని వానికి బొమ్మ ఒక్కటే. దాన్నే కుడికి ఎడమకు తిప్పి తిప్పి చూపిస్తరు. కాళ్లు ఎత్తి పెడుతున్నట్టు మన కండ్లకు అనిపిస్తది.

మజిలీలను సుత మల్ల వాడుకున్నరు. 5-3 అనేది 1-3నే. కాకుంటే నిలవడే పలకలు పొట్టిగ చేసి, పక్కకెల్లి గుండ్లు వచ్చేటట్టు పెట్టిన్రు. తొవ్వ అదే, గోస వేరు. ఆడేటోనికి "ఇది యాడనో చూసిన" అని లీలగ అనిపిస్తది, గని దొరకబట్టలేడు.

ఇగ తెర జరుగుడు. మనం కుడికి పోతుంటే లోకం ఎడమకు జరుగుతది. ఇప్పుడు అది పెద్ద ముచ్చట అనిపియ్యది. అప్పటి చానా ఆటలల్ల ఒక తెర అంటే ఒక తెరనే, నల్లటి ఎన్క భాగం, గండ్లనే తిరుగుడు. ఈ డబ్బాల బొమ్మ చిప్ రెండు తెరలంత జాగ పక్కపక్కన పెట్టుకుంటది. మనకు కనవడేది ఒక తెరంత. మనం ముంగటికి పోతుంటే, ఇంక కనవడని కుడి దిక్కు వరుసను మిషన్ అప్పటికప్పుడు గీస్తది. ఆ జాగ అయిపోతే ఎన్క మనం దాటి వచ్చిన జాగ మీదనే మల్ల కొత్త లోకం గీస్తది. ఉన్న నాలుగు పలకలతోని వాగు దాటినట్టు. ఎన్క పలక తీసి ముంగట వేసుకుంట పోవుడు.

ఇంకో ఉపాయం. లోకమంత జరుగుతున్నా పైన పాయింట్లు, టైము రాసిన పట్టీ మాత్రం జరగది. టీవీల బొమ్మ పైకెల్లి కిందికి గీతలు గీతలుగ పడుతది గదా. పైన ఉన్న పైస బిళ్ల అడుగున ఒక చిన్న ముక్కను దాచిపెట్టిన్రు. టీవీ గీసుకుంట ఆ ముక్క కాడికి రాంగనే చిప్‌కు ఎరుకైతది, "పట్టీ అయిపోయింది, ఇగ కింద జరుపు" అని. మనం ఏండ్ల తరబడి చూసిన బిళ్ల, బిళ్ల ఒక్కటే కాదు, అది కావలి కాస్తున్నది.

మొదటి మజిలీ ఒక బడి

ఇప్పుడు అసలు ముచ్చటకు వద్దాం. మా అల్లునికి ఎవలు నేర్పిన్రు?

ఆట షురూ అయినప్పుడు మారియో తెరకు ఎడమ దిక్కు నిలవడి ఉంటడు. కుడి దిక్కంత ఖాళీ. ఎటు పోవాల్నో రాయనక్కర లేదు, జాగ ఎటు ఉంటే కాళ్లు అటు పోతయ్. ఎడమకు పోతే తెర అడ్డం తగులుతది. ఈ ఆటల దాటిన తొవ్వకు మల్ల తెర జరగది. ముంగటికే.

నాలుగు అడుగులు వేస్తే నెత్తి మీద ప్రశ్న గుర్తు పెట్టె మెరుస్తుంటది. అటెన్క గూంబా మనకెల్లి వస్తుంటడు. ఏం చెయ్యాలె? చేతుల ఉన్నయి రెండే గుండీలు. ఏదో ఒకటి ఒత్తుతం, మారియో దుంకుతడు. దుంకకుంటే గూంబా తగిలి సచ్చిపోతం. సస్తే ఏం పోయింది? ఆట మొదలై మూడు నాలుగు సెకండ్లే అయింది. మల్ల అక్కడికెల్లే. గింత చవకగ తప్పు చెయ్యనిచ్చే మాస్టరు మన బడిల దొరుకుడు కష్టం.

దుంకినప్పుడు నెత్తి పెట్టెకు తగుల్తది, పైస బిళ్ల వస్తది. "ఓహో, పెట్టెలను గుద్దాలె" అని తెలుస్తది. రెండో పెట్టెను గుద్దితే పుట్టగొడుగు వస్తది. గిప్పుడే గూంబా చేతుల సచ్చినోనికి పుట్టగొడుగు చూస్తే భయం, రెండూ ఒక్క తీరుగ ఉంటయ్. అది కుడికి జారి, పైపుకు తగిలి, మల్ల మన దిక్కే వస్తది. దుంకి తప్పించుకుందాం అంటే నెత్తి మీద ఇటుకల వరుస అడ్డం. వద్దన్నా చానా మందికి అది వచ్చి తగులుతది. తగిలితే మారియో సావడు, పెద్దగైతడు! మంచి చేసేదాన్ని, తప్పించుకునే తొవ్వ లేనికాడ పెట్టిన్రు. మొదటి అర నిమిషంల ఆట మొత్తం కాయిదా మన చేతికి వచ్చింది.

తర్వాత పైపులు. మొదటిది పొట్టిది. రెండోది జర ఎత్తు. మూడోది ఇంకింత ఎత్తు. గుండీ ఒత్తి ఇడిస్తే మారియో చిన్నగ దుంకుతడు, ఒత్తి పట్టుకుంటే ఎత్తు దుంకుతడు. ఇది చెప్పకుంట, పైపుల ఎత్తు పెంచి చేతికి నేర్పిన్రు. ఆఖరుకు మెట్ల గట్లు వస్తయ్. మొదటి జత గట్ల నడుమ కింద నేల ఉంటది, పడ్డా ఏం కాదు, మల్ల ఎక్కొచ్చు. రెండో జత గట్ల నడుమ గుంత ఉంటది, పడితే ప్రాణం పోతది. చూసేతందుకు రెండూ ఒక్క తీరే. మొదటిదాంట్ల ధైర్యం ఇచ్చిన్రు, రెండోదాంట్ల పరీక్ష పెట్టిన్రు.

మనకు ఈత ఎట్ల నేర్పిన్రు? బాయిల దొన మీద కూసుండబెట్టి, నడుముకు బెండు కట్టి, ముందు మెట్ల కాడ, తర్వాత నడుమ. ఎవలూ ఈత మీద ఉపన్యాసం ఇయ్యలే. మొదటి మజిలీ గట్లాంటిదే.

దుంకుడుల ఉన్నది ప్రాణం

ఈ ఆటను 40 ఏండ్లు దాటినా ఎందుకు ఆడుతరు అంటే నాకు అనిపించేది ఒక్కటే, దుంకుడు. బాయి ఒడ్డు మీద నిలవడి దుంకితే దగ్గర పడుతం, ఉరికొచ్చి దుంకితే నడుమ పడుతం. మారియో గట్లనే. ఉరికే గుండీ పట్టుకొని వేగం అందుకుంటే దూరం దుంకుతడు. ఎకాఎకి ఆగమంటే ఆగడు, జర జారుతడు. పైకి లేస్తున్నప్పుడు గుండీ పట్టుకొని ఉంటే భూమి గుంజుడు తక్కువ, ఇడిస్తే ఎక్కువ. నిజం లోకంల గిట్ల కాదు, మనం గాల్ల ఉండంగ దిక్కు మార్చుకోలేం. గని మారియో గాల్ల ఉన్నా అటు ఇటు జరగొచ్చు. నిజం కాదు గని నిజమనిపిస్తది. మన వేలు ఎంత చెప్తే అంత వింటది. అందుకే పడ్డప్పుడు "ఆట మోసం చేసింది" అనిపియ్యది, "నేనే తొందరపడ్డ" అనిపిస్తది. ఈ ఒక్క భావన లేకుంటే ఎవలూ మల్ల మల్ల ఆడరు.

పాట సుత ఆటకు తోడు. కట్టింది కోజీ కోందో. ఒకేసారి నాలుగు తీర్ల సప్పుళ్లు తప్ప ఎక్కువ వాడలే. భూమి మీద ఉరుకులాట పాట, భూమి కింద గుండె దడ పుట్టించే పాట, నీళ్లల్ల మూడు దెబ్బల తాళం మీద ఊగే పాట. టైము 100 కంటే కిందికి రాంగనే పాట ఉరుకుతది. గడియారం చూసే పని లేదు, చెవులే చెప్తయ్. ఆ టైము సుత సెకండ్లు కాదు. 400 అని చూపిస్తరు గని అసలుకు 160 సెకండ్లే. 2023ల అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ, దాచిపెట్టదగ్గ రికార్డుల జాబితాల ఈ పాటను చేర్చింది. వీడియో గేమ్ పాట ఆ జాబితాలకు పోవుడు అదే మొదటిసారి.

పైసలు ఎట్ల వస్తయో, ఆట అట్ల ఉంటది

ఇప్పుడు మా అల్లుని 49 రూపాయల కాడికి వద్దాం.

ఇంట్ల ఆడే డబ్బాలు రాకముందు, ఆటలు పెద్ద పెద్ద మిషన్లల్ల ఉండేటియి. బిళ్ల వేస్తే ఆట. సచ్చిపోతే మల్ల బిళ్ల. అంటే ఆడేటోడు జల్ది సస్తేనే మిషన్ యజమానికి లాభం. అందుకే ఆ ఆటలు కోపంగ ఉంటయ్. ఇంట్ల డబ్బా వచ్చినంక లెక్క మారింది. క్యాసెట్ ఒక్కసారి కొంటరు. ఇగ పోరడు ఎన్నిసార్లు సచ్చినా కంపెనీకి పైస రాదు. మరి కంపెనీకి ఏం కావాలె? కొన్నోడు సంబురపడాలె, పక్కింటోనికి చెప్పాలె, ఇంకో క్యాసెట్ కొనాలె. 1983 కాడ అమెరికాల పనికిరాని ఆటలు కుప్పలు కుప్పలుగ అమ్మితే జనం నమ్మకం పోయి మార్కెట్టే కూలిపోయింది. ఆ తర్వాత నమ్మకం తిరిగి తెచ్చిన ఆటలల్ల మారియో ముందుంటది. 4 కోట్లకు పైన అమ్ముడువోయింది.

ఈ లెక్కల నుంచే చూడున్రి. మారియోల 100 పైస బిళ్లలు ఏరితే ఒక ప్రాణం వస్తది. ఆ బిళ్లలు ఆటలనే దొరుకుతయ్, చేతి పనితోని దొరుకుతయ్. ఇయ్యాల్టి ఫోన్ ఆటల సుత బిళ్లలు ఉన్నయ్, ప్రాణాలు ఉన్నయ్. కాకుంటే బిళ్ల మన బ్యాంకు ఖాతాల ఉంటది. ఆట ఫ్రీ అన్నరు, గని పాత బిళ్ల మిషన్ తిరిగి వచ్చి మన జేబుల కూసున్నది. కష్టమైన మజిలీ నేర్పేతందుకు పెట్టలే, కొనిపిచ్చేతందుకు పెట్టిన్రు. జర అయితే గెలిచేటోన్ని అనిపించి ఆపుతరు, ఆడనే 49 రూపాయల గుండీ పెడుతరు. రోజు తెరవకుంటే బహుమానం పోతదని బెదిరిస్తరు. ఆఖరు మజిలీ అనేది ఉండనే ఉండది.

అంతకంటే పాడుది, గెలిస్తే పైసలు వస్తయని ఆశ పెట్టే ఆటలు. తెలంగాణల పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను 2017లనే బంద్ పెట్టిన్రు. ఆంధ్రప్రదేశ్ 2020ల పెట్టింది. 2025 ఆగస్టుల కేంద్రం దేశం మొత్తానికి చట్టం చేసింది. చట్టం వచ్చినా లింకులు వస్తనే ఉన్నయ్. మా ఊర్లనే ఒక తమ్ముడు, పత్తి పైసలు పెట్టి, తర్వాత దోస్తుల కాడ తెచ్చి పెట్టి, ఆఖరుకు ట్రాక్టర్ కిస్తీ పైసలు పెట్టిండు. ఊరు ఇడిసి పోయిండు. వాళ్ల అవ్వ ఇంక వాడు పట్నంల నౌకరి చేస్తున్నడనే చెప్తది అందరికి. వాడు తెలివి తక్కువోడు కాదు. తెలివైనోళ్లు వందల మంది కూసుండి కట్టిన ఉచ్చుల ఒక్కడు పడ్డడు.

నేను ఏదో మా కాలం బంగారం అని చెప్తలేను. మండలం కాడ వీడియో గేమ్ దుక్నంల గంటకు 5 రూపాయలు ఉండేది. నేను బాపు అంగి జేబులకెల్లి 20 రూపాయలు తీసి ఆడిన. ఎరుకైనంక బాపు కొట్టలే. "ఇయ్యాల కైకిలోళ్లకు ఇయ్యాల్సినయ్ బిడ్డా" అన్నడు గంతే. ఆ మాట దెబ్బ కంటే ఎక్కువ తాకింది. గడియారం పెట్టి గుంజేటోడు అప్పుడు సుత ఉండె. కాకుంటే ఆ గుంజుడు దుక్నం గల్లల ఉండేది, ఆట లోపల లేకుండె. దుక్నం మూసినంక బయటికొచ్చినం. ఇప్పుడు దుక్నం మూతపడదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆడొద్దని నేను చెప్ప. ఆడేముందు ఆటను అడగున్రి. నేను ఓడినప్పుడు నువ్వు నా కాడ ఏం అడుగుతవు, ఇంకింత పనితనమా, పైసలా? మొదటి రోజు నేర్చుకున్నది ఆఖరు రోజు పనికొస్తదా? అసలు నీకు ఆఖరు అనేది ఉన్నదా? ఈ మూడింటికి జవాబు దొరకకుంటే, ఆడ ఆడుతున్నది మీరు కాదు.

మీరు సుత కట్టొచ్చు

ఇంకో మాట. మియామోతో, తెజుకా వాళ్లు మజిలీలను ముందుగాల గళ్ల కాయిదం మీద పెన్సిల్‌తోని గీసిన్రు. గళ్ల కాయిదం మన కాడ సుత దొరుకుతది, లెక్కల నోట్‌బుక్ అయినా సరే. మీ ఇంటికెల్లి బస్టాండ్ దాక తొవ్వను ఒక మజిలీ లెక్క గీయున్రి. ముందుగాల పొట్టి గోడ, తర్వాత మోరీ, తర్వాత కుక్క ఉండే సందు. ఏది ముందు పెడితే ఆడేటోడు భయపడకుంట నేర్చుకుంటడో సోంచాయించున్రి. మీ తమ్మునికి ఇచ్చి వేలుతోని ఆడమనున్రి. వాడు యాడ ఆగుతడో ఆడ మీ తప్పు ఉన్నట్టు. తర్వాత కంప్యూటర్ మీద కట్టాల్నంటే స్క్రాచ్, గోడో లాంటివి పైస లేకుంట దొరుకుతయ్. 40 కేబీల ఇంత చేసినోళ్లు ఉన్నరంటే, మన చేతిల ఉన్న ఫోన్ తక్కువది కాదు.

ఆ మాపు మా అల్లుడు ఒక్కటే పట్టు పట్టి నాలుగో లోకం దాక పోయిండు. గండ్లనే కరెంటు పోయింది. తిరిగి వచ్చినంక చూస్తే ఆట మల్ల మొదటి సంది. ఈ క్యాసెట్‌ల దాచుకునుడు అనేది లేదు.

"మొత్తం పోయిందా మామా?" అన్నడు, ఏడుపు మొకం పెట్టి.

"ఆడిచూడు" అన్న.

ఆడిండు. మొదటిసారి నాలుగో లోకానికి పోయేతందుకు మూడు గంటలు పట్టింది. ఈసారి బువ్వ తినే యాళ్లకే ఆడికి పోయిండు. గూంబా యాడ వస్తడో, గుంత ఎంత వెడల్పో వేళ్లకు ఎరుకైంది. అది కరెంటు పోయినా పోదు.

49 రూపాయలు మల్ల అడగలే. పొద్దుగాల లెక్కల నోట్‌బుక్ తెచ్చి, మా ఇంటి ముంగటి మోరీ ఎన్ని గళ్లు పెట్టాల్నో అడిగిండు.